పందెం, పత్తాలు, లక్కీ డ్రా: విశ్వాసి పైసలు పెట్టి ఆడవచ్చా?

వందనాలు బ్రదర్. మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్తాను. పరకాల దగ్గర మీ సంఘంలో యూత్ పిల్లలు ఐపీఎల్ మ్యాచ్‌ల మీద వందా రెండొందలు పందెం కాస్తున్నారు. పెద్దలు మందలిస్తే "జూదం ఆడొద్దని బైబిల్లో ఎక్కడుందో చూపించండి" అన్నారు, ఎవరూ చూపించలేకపోయారు. "మీరు వేసే చిట్టీలు జూదం కాదా, వ్యవసాయం జూదం కాదా" అని ఎదురు ప్రశ్న కూడా వేశారు. వాళ్లలో ఒకరు గెలిచిన పైసల్లో దశమభాగం (సంఘానికి ఇచ్చే పదో వంతు) తెచ్చి ఇస్తే తీసుకోవాలా వద్దా అని మీ కమిటీలో ఇంకా తేలలేదు.

పిల్లలు అడిగినదాంట్లో ఒక మాట నిజం. "జూదమాడకూడదు" అని నేరుగా చెప్పే ఆజ్ఞ బైబిల్లో లేదు. పది ఆజ్ఞల్లో లేదు, కొండమీద ప్రసంగంలో లేదు, పౌలు రాసిన పాపాల జాబితాల్లోనూ లేదు. ఉందని దబాయిస్తే చదువుకున్న పిల్లలు వెతికి చూస్తారు, ఆ తర్వాత మీరు చెప్పే నిజాన్ని కూడా నమ్మరు. కాబట్టి లేదని ఒప్పుకునే మొదలుపెట్టండి. అయినా పైసలు పెట్టి ఆడే ఆట విశ్వాసికి తగదనే నేను గట్టిగా చెప్తాను.

ముందు వాళ్లు చూపించబోయే వచనాలు చూద్దాం. లేఖనాల్లో చీట్లు వేయడం చాలాచోట్ల ఉంది. సంఖ్యాకాండము 26లో, యెహోషువ 18లో గోత్రాలకు భూమి పంచింది చీట్లతోనే. లేవీయకాండము 16లో రెండు మేకల్లో ఏది యెహోవాకు, ఏది అరణ్యానికి అన్నది చీటితో తేలింది. లూకా 1లో జెకర్యాకు ధూపం వేసే వంతు చీటి వల్లే వచ్చింది. అపొస్తలుల కార్యములు 1లో మత్తీయను ఎన్నుకున్నది కూడా అలాగే. "చీట్లు ఒడిలో వేయబడును వాటివలని తీర్పు యెహోవా వశము" అని సామెతలు 16:33 అంటుంది. మరి ఇదంతా జూదం ఎందుకు కాదు? ఆ చీట్లలో ఎవరూ ఏమీ ఒడ్డలేదు. చీటి రాని జెకర్యా తోటి యాజకుడు తన జీతం పోగొట్టుకోలేదు. లేవీ గోత్రం తప్ప ప్రతి గోత్రానికీ భూమి వచ్చింది, ఏ వైపు భూమి అన్నదే చీటి చెప్పింది. పక్షపాతం లేకుండా పంచడానికి పెద్దమనుషులు వాడిన పద్ధతి అది.

నిజమైన పందెం బైబిల్లో వివరంగా కనపడేది సమ్సోను పెళ్లిలో, న్యాయాధిపతులు 14లో. మీ పిల్లలతో కూర్చుని చదవాల్సిన అధ్యాయం ఇదే. ఏడు రోజుల విందులో సమ్సోను పొడుపుకథ వేసి, విప్పితే ముప్పై సన్నపు నారబట్టలు, ముప్పై దుస్తులు ఇస్తానని, విప్పలేకపోతే మీరే ఇవ్వాలని ముప్పైమందితో పందెం కాస్తాడు. అది పూర్తిగా తెలివికి సంబంధించిన పోటీ, "నైపుణ్యం ఆట" అని ఇవాళ యాప్‌లవాళ్లు చెప్పే మాట దానికి అచ్చంగా సరిపోతుంది. ఓడిపోతామనుకున్న వాళ్లు ఏం చేశారు? జవాబు రాబట్టకపోతే నిన్నూ నీ తండ్రి ఇంటినీ కాల్చేస్తామని పెళ్లికూతుర్ని బెదిరించారు. "మా ఆస్తి పట్టుకోవడానికే మమ్మల్ని పిలిచారా" అని నిలదీశారు. పందెం ఓడిన సమ్సోను అష్కెలోనుకు వెళ్లి, ఈ ఆటతో ఏ సంబంధమూ లేని ముప్పైమందిని చంపి, వాళ్ల బట్టలు తెచ్చి బాకీ తీర్చాడు. పెళ్లి విరిగిపోయింది. అక్కడ కూడా "పందెం పాపం" అన్న వాక్యం ఉండదు. ఆడినవాడి బాకీ ఆడనివాళ్లు కట్టడం మాత్రం కళ్లకు కట్టినట్టు ఉంటుంది. మన ఊళ్లలో ఆ కట్టేవాళ్లు ఎవరో మీకు తెలుసు: పుస్తెలతాడు కుదువకు పోయిన భార్య, అప్పుకు పూచీగా జమానత్ సంతకం పెట్టిన బామ్మర్ది, కాలేజీ ఫీజు ఆగిన చెల్లె.

సిలువ దగ్గర సైనికులు యేసు అంగీకి చీట్లు వేశారు కదా, అదే చాలు అని కొందరు ప్రసంగీకులు చెప్తారు. నా దృష్టిలో ఇది బలహీనమైన వాదన. యోహాను 19 ఆ ఘట్టాన్ని కీర్తన 22 నెరవేర్పుగా చెప్తుంది, జూదం మీద తీర్పుగా చెప్పదు. యెషయా 65:11 దీనికన్నా గట్టిది. యెహోవాను విడిచి అదృష్టానికి బల్ల సిద్ధం చేసేవాళ్ల గురించి అక్కడ ప్రవక్త మాట్లాడతాడు. అదృష్టాన్ని దేవతగా పెట్టుకోవడం ఎలా ఉంటుందో చూడాలంటే "ఈ రోజు నా నంబర్ తగులుతది" అని పొద్దున్నే మట్కా చీటీ రాయించేవాణ్ణి చూస్తే చాలు.

ఇక అసలు కారణానికి వస్తాను. ఎఫెసీ 4:28లో పౌలు, దొంగిలించేవాడు ఇక దొంగతనం మానాలి అని ఆగిపోడు. తన చేతులతో మంచి పని చేసి కష్టపడాలి, అక్కర ఉన్నవాడికి పంచిపెట్టాలి అంటాడు. అంటే పైసలు మన చేతికి న్యాయంగా రావడానికి అక్కడ కనపడే దారులు రెండు. ఒకటి పని, రెండోది ప్రేమతో ఇచ్చిన కానుక. జూదం ఈ రెండిట్లో ఏదీ కాదు. గెలిచినవాడు ఓడినవాడికి ఏ వస్తువూ ఇవ్వలేదు, ఏ పనీ చేసిపెట్టలేదు. ఓడినవాడు ప్రేమతోనూ ఇవ్వలేదు, తనే గెలవాలని ఆశపడి చిక్కాడు. నేను గెలవాలి అంటే నా పక్కన కూర్చున్నవాడు ఓడాలి. కాబట్టి ఆడుతున్నంతసేపూ నేను కోరుకునేది అతని నష్టమే. "నీవలె నీ పొరుగువాని ప్రేమింపవలెను" అన్న మాటను నోటితో చెప్తూ ఆ కోరికను మనసులో ఉంచుకోవడం కుదరదు. పదో ఆజ్ఞ పొరుగువాడిది ఏదీ ఆశించవద్దంటుంది. పందెంలో ఆశించేది అచ్చంగా అదే. ఇద్దరూ ఒప్పుకుని ఆడారు కదా అంటారు. ఒప్పుకోవడం వల్ల దొంగతనం అన్న పేరు పోతుంది, నిజమే. ఆశ మాత్రం పోదు.

సామెతలు 13:11 మన తెలుగు బైబిల్లో "మోసముచేత సంపాదించిన ధనము క్షీణించిపోవును కష్టము చేసి కూర్చుకొనువాడు తన ఆస్తిని వృద్ధిచేసికొనును" అని ఉంది. "మేము మోసం చేయడం లేదు కదా" అని పిల్లలు ఇక్కడ తప్పించుకుంటారు. హెబ్రీలో ఆ చోట ఉన్న మాట హెబెల్. ఊపిరి, ఆవిరి, వట్టిది అని అర్థం. ప్రసంగి గ్రంథం మొదట్లో "వ్యర్థము" అని తెలుగులో పెట్టిన మాట అదే. కాబట్టి ఆ వచనం మోసగాళ్ల గురించి మాత్రమే కాదు, చేతి కష్టం లేకుండా గాలిలోంచి వచ్చిన పైసల గురించి కూడా. రెండో సగంలో "కష్టము చేసి" అన్న మాట ఎందుకుందో అప్పుడు అర్థమవుతుంది.

సంఘాల మధ్య తేడా ఉంది, దాన్ని దాచకూడదు. కాజీపేట ఫాతిమానగర్‌లో మేత్రాసన కేథడ్రల్ ఉంది కాబట్టి మీ పిల్లలకు కథోలిక స్నేహితులు ఉంటారు, వాళ్లు వేరే మాట చెప్తారు. వాళ్ల సంఘం అధికారిక బోధనా గ్రంథమైన కథోలిక సత్యోపదేశం 2413వ పేరా ప్రకారం అదృష్టపు ఆటలు, పందాలు వాటంతట అవే న్యాయానికి విరుద్ధం కావు. తనకూ తనవాళ్లకూ కావాల్సిన దానికి గండి పడినప్పుడు అవి తగనివి అవుతాయి. ఆ మోజు మనిషిని బానిసను చేసే ప్రమాదం ఉందనీ, మోసపు పందెం పెద్ద తప్పనీ అదే పేరా చెప్తుంది. దీన్ని "కథోలికులకు జూదం ఓకే" అని కుదించి చెప్పడం అన్యాయం. అటు చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్ఐ)లో 1947లో కలిసిన మెథడిస్టు, ప్రెస్బిటేరియన్ ధారలు రెండూ మొదటి నుంచీ జూదానికి వ్యతిరేకం. మెదక్ వైపు సువార్త తెచ్చిన వెస్లియన్ మిషన్‌కు మూలపురుషుడైన జాన్ వెస్లీ, పైసల వాడకం మీద చేసిన ప్రసంగంలో జూదంతో పొరుగువాడి భూమి ఫలాన్ని మింగడాన్ని, అన్యాయపు మిత్తితో మింగడాన్ని ఒకే వరసలో పెట్టాడు. హన్మకొండ బాప్టిస్టులు, పెంతెకొస్తు సంఘాలు కూడా సాధారణంగా వద్దనే చెప్తాయి. ఇంకా వెనక్కి వెళ్తే, సుమారు 305 నాటి స్పెయిన్‌లోని ఎల్విరా బిషప్పుల సభ 79వ నియమంలో పైసలకు పాచికలాడే విశ్వాసిని ప్రభువు బల్లకు దూరం పెట్టమంది. మానేస్తే ఏడాది తర్వాత తిరిగి చేర్చుకోమంది. ఆ రెండో సగం నాకు చాలా ముఖ్యంగా కనపడుతుంది. వెలి వేయడమే కాదు, తిరిగి రావడానికి గడువు కూడా పెట్టారు.

కథోలికుల కొలతనే తీసుకుందాం, అవసరానికి గండి పడకూడదు అన్నదాన్ని. మన దగ్గర అది ఎన్ని ఇళ్లలో నిలుస్తుంది? పత్తి ఏరి ఎనుమాముల మార్కెట్లో అమ్ముకుని వచ్చిన పైసల్లో విత్తనాల షాపు బాకీ, కౌలు, ట్రాక్టరు కిరాయి పోను మిగిలేది వచ్చే వానాకాలం పెట్టుబడే. నెల జీతగాడి ఇంట్లో పదో తారీఖు దాటితే గిరిగిరివాడు (రోజువారీ వసూలుకు అప్పులిచ్చేవాడు) తలుపు కొడతాడు. "మిగులు పైసలతో సరదాకి" అన్న మాట వర్తించే ఇల్లు వెతికినా తక్కువే దొరుకుతుంది.

మ్యాచ్ పందెం లెక్క పిల్లలకు కాగితం మీద వేసి చూపించండి, వచనాలకన్నా ముందు అదే తలకెక్కుతుంది. రెండు జట్లూ సమఉజ్జీలు అనుకుందాం. పందేలు తీసుకునే బుకీ గెలిచినవాడికి వందకు తొంభై లాభం ఇస్తాడు. ఇటు ఒకడు వంద, అటు ఒకడు వంద పెడితే వచ్చింది రెండొందలు. గెలిచినవాడికి ఇచ్చేది నూటతొంభై. పది రూపాయలు బుకీ జేబులో. అంటే పెట్టిన ప్రతి వందకూ సగటున ఐదు పోతుంది. ఐపీఎల్ సీజన్లో 74 మ్యాచ్‌లు, మ్యాచ్‌కు రెండొందల చొప్పున మొత్తం 14,800 పెడితే సగటు నష్టం 740. "ఇంతేనా" అంటారు. అంతటితో ఆగేవాడు ఉండడు, అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది. పోయినదాన్ని రాబట్టాలని పందెం రెట్టింపు చేస్తారు: 100, 200, 400, 800. వరుసగా నాలుగు ఓడితే పోయింది 1,500. ఐదోసారి 1,600 పెట్టి గెలిచినా వచ్చేది 1,440, ఇంకా అరవై నష్టమే. ఆరు ఓడితే పోయింది 6,300. ఏడోసారి 6,400 పెట్టి గెలిచినా వచ్చేది 5,760, ఇంకా 540 నష్టం. రెట్టింపు చేస్తే ఎప్పటికైనా లేస్తామన్న నమ్మకం లెక్కలోనే తప్పు. 74 మ్యాచ్‌లలో ఎప్పుడో ఒకసారి వరుసగా నాలుగు ఓడటం చాలామటుకు జరిగి తీరుతుంది. వందతో మొదలైనవాడు మూడు వారాల్లో వేలల్లోకి పోయేది ఈ దారినే.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్తాను. తెలంగాణ గేమింగ్ చట్టాన్ని 2017లో సవరించి, పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను రమ్మీతో సహా నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా లేకుండా దేశమంతటా ఆన్‌లైన్ పైసల ఆటలను, వాటి ప్రకటనలను, వాటికి చెల్లింపులు జరిపించడాన్ని నిషేధించింది. కాబట్టి ఇప్పుడు వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో "ఐడీ ఇస్తాం" అని వచ్చేవన్నీ చట్టం బయటివే. అవి పైసలు వసూలు చేసేది కూడా ఎవరెవరివో బ్యాంకు ఖాతాల్లోకి. "నీ ఖాతా, ఏటీఎం కార్డు మాకు ఇవ్వు, నెలకు ఇంత ఇస్తాం" అని కాలేజీ పిల్లల్ని అడిగేది అందుకే. ఖాతా ఇచ్చిన పిల్లవాడు ఒక్క పందెం కాయకపోయినా ఖాతా స్తంభించిపోతుంది, పోలీసు కేసు మాత్రం అతని పేరు మీద వస్తుంది. యూత్ మీటింగ్‌లో ఈ ఒక్క విషయం తప్పకుండా చెప్పండి.

ఇప్పుడు చిట్టీలు. పిల్లల ప్రశ్న న్యాయమైనదే, జవాబు విడమరచి చెప్పాలి. ఇరవైమంది, నెలకు ఐదు వేలు, ఇరవై నెలలు, లక్ష చిట్టీ అనుకోండి. అవసరమున్న ఒకరు పాతిక వేలు వదులుకుని 75,000కు వేలం పాడారు. ఆ పాతికలో ఐదు వేలు నిర్వాహకుడి కమీషన్, మిగిలిన ఇరవై వేలు ఇరవైమందికీ తలా వెయ్యి. పాడినవాడు అప్పు తీసుకున్నట్టు, ఆగినవాళ్లు మిత్తికి ఇచ్చినట్టు. ఎవరి అసలూ పందెంలో లేదు. రిజిస్టర్ చిట్టీలో కమీషన్‌కు చట్టం పరిమితి పెట్టింది, 2019 సవరణ తర్వాత అది 7 శాతం. చిట్టీతో వచ్చే ప్రమాదం వేరే రకానిది. రిజిస్టర్ కాని చిట్టీ నడిపేవాడు పారిపోవచ్చు, పాడుకున్నవాడు కట్టకపోవచ్చు. అది జాగ్రత్తకు సంబంధించిన విషయం, జూదం కాదు. మహిళా సంఘాల్లో పాట లేకుండా చీటి తీసి నెల నెలా ఒకరికి ఇచ్చే పద్ధతి కూడా ఉంది. అందరూ అంతే కడతారు, అందరికీ అంతే వస్తుంది, ఎవరికి ముందు అన్నదే చీటి తేలుస్తుంది. యెహోషువ పంచిన భూమి లాంటిదే అది.

లక్కీ స్కీము మాత్రం అలాంటిది కాదు, దీని మీద మన సంఘాలు ఎప్పుడూ గట్టిగా మాట్లాడలేదు. ఊరూరా ఫర్నిచర్ షాపు ముందో కిరాణం ముందో కార్డులు కట్టిస్తారు: నెలకు వెయ్యి, పదిహేను నెలలు, ప్రతి నెలా డ్రా, పేరు వచ్చినవాడికి బైకు, అతను ఇక కట్టనక్కరలేదు. మూడొందలమంది చేరితే నెలకు మూడు లక్షలు వస్తాయి. ఒక బైకు పోను మిగిలింది నిర్వాహకుడి చేతిలో మిత్తి లేకుండా తిరుగుతుంది. చివరికి పేరు రాని 285 మందికి పదిహేను వేలు అని ధర రాసిన ఏదో వస్తువు ఇస్తారు, దాని అసలు ధర బయట కనుక్కోండి. వెయ్యి కట్టినవాడికి వచ్చిన బైకు ఆ 285 మంది పైసలే. ఇలాంటి స్కీములను 1978 నాటి ప్రైజ్ చిట్ల నిషేధ చట్టం కింద దేశమంతటా నిషేధించారు. పిల్లలు వంద రూపాయల పందెం కాస్తే మందలించే పెద్దమనిషి జేబులో లక్కీ స్కీము కార్డు ఉంటే వాళ్లు నోరు మూసుకుని ఎందుకు వింటారు? ముందు పెద్దలు ఆ కార్డులు తీసి పక్కన పెట్టాలి.

వ్యవసాయం జూదమే అన్న మాట రైతు నొప్పితో అనేది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకండి. వాన రాకపోవడం, గులాబీ పురుగు, మద్దతు ధర దక్కకపోవడం ఇవన్నీ నిజమే. కానీ ఆ ప్రమాదం రైతు పుట్టించింది కాదు, పని చుట్టూ ముందే ఉన్నది. పంట బాగా పండితే పక్క రైతు నష్టపోవాల్సిన పని లేదు, ఊరంతటికీ బాగా పండవచ్చు. పందెంలో ప్రమాదాన్ని ఎవరో కావాలని తయారుచేస్తారు, మన పైసలు తీసుకోవడానికే తయారుచేస్తారు. షేర్లకూ ఇదే కొలత వాడవచ్చు. కంపెనీ వాటా కొని ఏళ్లు ఉంచుకోవడం వ్యాపారంలో భాగం తీసుకోవడమే. మత్తయి 25లో యజమాని తలాంతులతో వ్యాపారం చేసినవాళ్లను మెచ్చుకున్నాడు. పాతిపెట్టినవాణ్ణి కనీసం సాహుకార్ల దగ్గర ఉంచాల్సింది కదా అన్నాడు. ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో పొద్దున కొని సాయంత్రం అమ్మే పిల్లలకు మాత్రం, పేరుకు షేర్ మార్కెట్ అయినా, చేస్తున్నది పందెమే. ఒకడి లాభం ఇంకొకడి నష్టం, మధ్యలో ఛార్జీలు. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఇలా ఆడిన వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారని, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటిందని షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీయే లెక్క తీసింది.

గెలిచిన పైసల దశమభాగం గురించి. తీసుకోకండి. యేసును అప్పగించిన యూదా తెచ్చి పడేసిన వెండిని యాజకులు కానుక పెట్టెలో వేయలేదని మత్తయి 27ను చూపించేవాళ్లున్నారు. ఆ యాజకులు మనకు ఆదర్శం కారు కాబట్టి దాని మీద ఆధారపడకండి. 2 సమూయేలు 24లో దావీదు వెల ఇవ్వకుండా వచ్చినదాన్ని దేవునికి అర్పించనన్నాడు, అది సరిపోతుంది. ఆచరణలో ఇలా చేయండి. పైసలు తెచ్చిన అబ్బాయిని నలుగురి ముందు అవమానించకుండా పక్కకు పిలిచి మాట్లాడండి. ఎవరి దగ్గర గెలిచాడో తెలిస్తే ఆ స్నేహితుడికే మొత్తం తిరిగి ఇవ్వమనండి. జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు, ఇతను ఒకింత ఇస్తే చాలు. ఎవరిదో తెలియకపోతే ఊళ్లో అక్కరలో ఉన్న ఇంటికి పేరు లేకుండా ఇప్పించండి. గుడి కట్టడానికి వాడకండి, శిలాఫలకం మీద పేరు వేయకండి. ఒకసారి వేస్తే తర్వాత మీరు చేసే ప్రసంగం ఏదీ పని చేయదు.

కోత పండుగలో వేలం వేరు. సొరకాయను ఐదొందలకు పాడినవాడు తెలిసే కానుక ఇస్తున్నాడు, ఎవరూ ఓడలేదు. ఇరవై రూపాయల టోకెన్లు అమ్మి మిక్సీ డ్రా తీయడం మాత్రం మానేయండి. ప్రభుత్వ అనుమతి లేని లాటరీ నడపడం నేరం కూడా. క్రిస్మస్ సందర్భంగా టోకెన్ ఉచితంగా ఇచ్చి బహుమతి సంఘం కొంటే అందులో ఒడ్డినవాడు లేడు, అది ఆటే.

పిల్లల్లో ఒకరు ఇప్పటికే లోతుకు పోయి ఉండవచ్చు, అందుకని ఇది కూడా చెప్పాలి. ఎలా తెలుస్తుంది? ఫోన్‌పే చరిత్ర తెరిచి చూస్తే రాత్రి ఎనిమిది నుంచి పన్నెండు మధ్య తెలియని పేర్లకు 300, 500, 1,000 అని వరుసగా పోయి ఉంటాయి, ఒక్కోసారి ఒకే గంటలో ఆరేడు. మధ్యలో ఒక పెద్ద మొత్తం లోపలికి వచ్చి అదే రాత్రి మళ్లీ బయటికి పోయి ఉంటుంది. ఇంట్లో చిన్న బంగారం కనపడదు. అలాంటివాడికి ప్రార్థనతో పాటు పని కూడా కావాలి. మొదట అప్పులన్నీ ఒకే కాగితం మీద రాయించండి: బ్యాంకు, లోన్ యాప్, గిరిగిరి, బంగారం కుదువ, స్నేహితులు, ఎవరికి ఎంత, మిత్తి ఎంత. మొదటి రోజు చెప్పే మొత్తం సాధారణంగా సగమే ఉంటుంది, వారం తర్వాత మళ్లీ అడగండి. చాలా ఇళ్లలో ఇక్కడే తప్పు జరుగుతుంది. నాయిన ఎకరం అమ్మి అప్పంతా ఒకేసారి కట్టేస్తాడు. బాకీ తీరగానే కొత్త అప్పు పుట్టే దారి తెరుచుకుంటుంది, కొడుకు మళ్లీ మొదలుపెడతాడు. అతని సంపాదనతోనే నెల నెలా కొంత కొంత కట్టించాలి, ముందుగా మిత్తి ఎక్కువున్నవి. అతను ఒప్పుకుంటే యూపీఐ తీసేసి, రోజుకు వాడే పరిమితి తగ్గించి, ఖాతా సందేశాలు భార్యకో అక్కకో కూడా వెళ్లేలా చేయండి. పట్టాదారు పాసుపుస్తకం, బంగారం వేరే చోట ఉంచండి. కొత్త అప్పుకు జమానత్ మాత్రం ఎవరూ పెట్టకండి, సామెతలు 6 ఈ మాట ఎప్పుడో చెప్పింది. లోన్ యాప్‌వాళ్లు ఫొటోలతో బెదిరిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి.

మానలేకపోవడం వైద్యులు గుర్తించిన జబ్బు, బలహీనమైన విశ్వాసం అని ముద్ర వేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 రోజంతా పని చేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అతను నిద్ర మాని, ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటే "చనిపోవాలనిపిస్తోందా" అని సూటిగా అడగండి. అడిగితే ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే ఆ రోజే తీయించి వేరే ఇంటికి పంపండి, ఒంటరిగా వదలకండి. ఇంకొకటి, మానేసిన నెలకే ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పించకండి. చప్పట్ల తర్వాత మళ్లీ జారితే సిగ్గుతో సంఘానికే రాడు. ఎల్విరావాళ్లు ఏడాది పెట్టింది ఊరికే కాదు.

చివరికి మీ పిల్లలు తప్పక అడిగే ప్రశ్న: స్నేహితుల మధ్య వంద రూపాయలు కూడా పాపమేనా? నరకానికి పంపే పాపమని నేను చెప్పను. 1 కొరింథీయులకు 6:12లో పౌలు "అన్నిటియందు నాకు స్వాతంత్ర్యము కలదు గాని నేను దేనిచేతను లోపరచుకొనబడనొల్లను" అన్నాడు, అదే పత్రిక 8లో నా స్వాతంత్ర్యం బలహీనుడికి అభ్యంతరం కాకూడదన్నాడు. ఎనిమిదిమంది కూర్చుని పందెం కాస్తే అందులో రేపు ఆగలేనివాడు ఎవడో ఇవాళ ఎవరికీ తెలియదు, అతనికి కూడా తెలియదు. తెలియనప్పుడు ఆ ఎనిమిదిమందీ మానడమే అతనికి చేసే మేలు. మ్యాచ్ చూడొద్దని చెప్పకండి, చర్చి హాల్లోనే టీవీ పెట్టి చూపించండి. ఓడిన జట్టు వాళ్లు అందరికీ చాయ్, మిర్చి బజ్జీ తెప్పించాలని వాళ్లే అంటే ఒప్పుకోండి. గెలిచినవాడు జేబులో ఏమీ వేసుకోడు, తెచ్చినవాడు కూడా వాళ్లతోనే కూర్చుని తింటాడు. బజ్జీ బిర్యానీ అయిన రోజు మాత్రం లేచి బిల్లు అందరి మధ్యా సమానంగా పంచేయండి.